సిస్టమ్ ఫార్మాట్‌కు ఇచ్చే ముందు: ఆల్బమ్ ఫైళ్ల జాగ్రత్తలు

కడప ఏడురోడ్ల దగ్గర షాపులో "డేటా ఎక్కడికీ పోదులే సార్" అన్నా సరే, ఫొటోషాప్‌లో చేసుకున్న ఆల్బమ్ పేజీల బ్యాకప్ మీరే తీసుకోండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ సాధారణంగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ అయ్యేది అదే.

• జేపీజీలు ఉన్నాయి కదా అని పీఎస్‌డీలు (పేజీలోని అక్షరాలు, ఫొటోలు విడివిడి పొరలుగా, అంటే లేయర్లుగా ఉండే ఫొటోషాప్ ఫైళ్లు) వదలొద్దు. ఒంటిమిట్ట కల్యాణం పేజీలో మేనత్త పేరు తప్పు పడితే, లేయర్లున్న పీఎస్‌డీ లేకుండా దిద్దలేం.

• ఫాంట్లు. అందరూ మరిచేది ఇదే. అను ఫాంట్‌తో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళంగా కనిపిస్తుంది. విండోస్ 10 నుంచి కొన్ని ఫాంట్లు విండోస్ ఫోల్డర్‌లో కాకుండా యూజర్ పేరు కింద, యాప్‌డేటాలో కూర్చుంటాయి. అది దాచిన ఫోల్డర్. వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితేనే కనబడుతుంది. రెండు చోట్లా వెతకండి.

• బ్రష్‌లు, స్టైల్స్: ఎడిట్ మెనూ, ప్రీసెట్స్, ఎక్స్‌పోర్ట్. యాక్షన్లను (రికార్డు చేసి పెట్టుకున్న పనుల వరుసలను) వాటి ప్యానెల్ నుంచే విడిగా సేవ్ చేయండి.

• ఫొటోషాప్ ఎలిమెంట్స్ వాడేవాళ్లు అందులోని ఆర్గనైజర్‌లో క్యాటలాగ్ బ్యాకప్ తీయాలి. ఉత్త ఫొటోలు కాపీ చేస్తే ఆల్బమ్‌ల అమరిక రాదు.

• పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో (ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ దగ్గర కనబడుతుంది) ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు.

• కాపీ మధ్యలో కరెంటు పోతే టెన్షన్. మే నెల మధ్యాహ్నం పెట్టుకోకండి, యూపీఎస్ ఉంటే తప్ప.

సాఫ్ట్‌వేర్ అకౌంట్‌లోంచి సైన్ అవుట్ అయి, బ్యాకప్‌లోని రెండు పేజీలు వేరే సిస్టమ్‌లో తెరిచి చూశాకే సీపీయూ షాపులో ఇవ్వండి.