కారు సెట్‌లో ఫోన్ మాట – 4వ పాఠం: మిగిలిపోయిన బ్రౌన్ వైరు

ఈసారి మైకు గురించే చెప్పాలనుకున్నాను. కానీ పోయిన పాఠం చూసి సెట్ వెనక వైర్లు కలిపినవాళ్లలో చాలామందికి ఒకే ఇబ్బంది వచ్చింది. సెట్ వెలుగుతోంది, స్టేషన్లు మారుతున్నాయి, తెర మీద కాల్ అనో మ్యూట్ అనో పడుతోంది, స్పీకర్లలో మాత్రం చప్పుడు లేదు. ముందు అది తేల్చుకుందాం.

పసుపు వైరు బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే కరెంటు వచ్చే చోటికి, నలుపు బాడీకి పోయాక బ్రౌన్ మిగులుతుంది. ఊరికే ఎందుకు వేలాడాలని దాన్ని నలుపుతో కలిపి మెలేస్తున్నారు. పని చెడేది అక్కడే. బ్రౌన్ ఉన్న సెట్లలో చాలావాటికి ఆ వైరుకు ఎర్త్, అంటే కారు బాడీ తగిలితే ఫోన్ వచ్చిందని లెక్క, వెంటనే పాట ఆపేస్తాయి. ఎర్త్‌లోనే కట్టిపడేస్తే ఇక నోరు తెరవవు. సెట్ కాలిపోయిందని కొత్తది కొనకముందు ఆ మెలి విప్పి చూడండి.

బ్లూటూత్ సెట్‌కి ఈ వైరుతో పనే లేదు. మాట సెట్‌లోకే వస్తుంది, పాట ఆపడం అదే చూసుకుంటుంది. కొన కత్తిరించి, రాగి కనబడకుండా హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) తొడిగి, వెనక్కి మడిచి కట్టేయండి. నల్ల టేపు నేను ఒప్పుకోను. మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు డ్యాష్‌బోర్డు వెనక జిగురు కరిగి టేపు జారిపోతుంది. కొన ఏదో ఇనప పట్టీకి తగులుతుంది. గుంతలో పడినప్పుడల్లా పాట ఆగి మళ్లీ వస్తోందంటే ముందు చూడాల్సింది ఈ కొననే.

బ్రౌన్ అవసరమయ్యేది బ్లూటూత్ లేని పాత సెట్ పక్కన విడిగా హ్యాండ్స్‌ఫ్రీ కిట్ (ఫోన్ చేత్తో పట్టకుండా మాట్లాడించే పెట్టె) పెట్టినప్పుడు. అప్పుడూ గుడ్డిగా కలపొద్దు. మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఎర్ర ప్రోబు కిట్ మ్యూట్ వైరుకి (కాల్ వచ్చిందని సెట్‌కు చెప్పే వైరు), నల్లది బాడీకి ఆనించి ఇంకొకరితో కాల్ చేయించండి. కాల్‌లో ఉన్నంతసేపే 12 వోల్టులు చూపిస్తే అది పాజిటివ్ ఇచ్చే కిట్. చూపకపోతే ఎర్రది బ్యాటరీ పాజిటివ్‌కి, నల్లది మ్యూట్ వైరుకి మార్చండి. ఇప్పుడు కాల్‌లో 12 వస్తే ఎర్త్ ఇచ్చే కిట్, బ్రౌన్‌కి నేరుగా కలపొచ్చు.

పాజిటివ్ కిట్ అయితే మధ్యలో 4 పిన్నుల 12 వోల్టుల రిలే కావాలి. రిలే అంటే లోపలి కాయిల్‌కి కరెంటు ఇస్తే కలిసే స్విచ్. పిన్నుల పక్కనే నంబర్లు ఉంటాయి. 86కి కిట్ వైరు, 85, 30 రెండూ బాడీకి, 87కి బ్రౌన్. 85, 86 మధ్య 1ఎన్4007 డయోడు వేసి, గీత ఉన్న కొస 86 వైపు ఉంచండి. డయోడు లేకపోతే కాయిల్ ఆగేటప్పుడు ఎదురు తన్నే వోల్టేజీకి కిట్ లోపలి ట్రాన్సిస్టరు పోతుంది. ఈ రిలే కాయిల్ 150 మిల్లీయాంపుల దాకా లాగొచ్చు, కిట్ కాగితంలో అంత ఇస్తుందని రాసుంటేనే వాడండి.

ఇక మైకు. సన్ వైజరు దగ్గరో, అద్దం పక్క స్తంభం పైనో బిగించండి. ఏసీ గాలి నేరుగా కొట్టకూడదు, తలుపు స్పీకరుకు ఎదురుగా ఉండకూడదు. అవతలివాళ్లకి వాళ్ల మాటే తిరిగి వినబడితే తప్పు మీ కారులో ఉంది: మీ స్పీకరు మాట మీ మైకులోకి పోతోంది. సెట్‌లో కాల్ వాల్యూం తగ్గించండి. అది పాట వాల్యూం కాదు, కాల్ నడుస్తుండగా తిప్పితేనే మారుతుంది. మీ మాట మీకే తిరిగొస్తే తప్పు అటువైపు, మీరు ఏమీ విప్పొద్దు.

పాట బ్రహ్మాండంగా ఉండి మాట బొంగురుగా ఉంటే స్పీకర్లను తిట్టకండి. బ్లూటూత్‌లో పాటకు ఒక దారి, కాల్‌కు ఇంకో దారి. కాల్ దారిలో స్టీరియో లేదు, శాంప్లింగు (మాటను సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 8 కిలోహెర్ట్జ్, కొత్త సెట్టూ ఫోనూ కలిస్తే 16. పాట వచ్చి కాల్ మాత్రం చేతి ఫోన్‌లోనే వినబడుతుంటే, ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ సెట్ పేరు కింద ఫోన్ కాల్స్ ఆఫ్‌లో ఉంటుంది.

రింగుకు ముందు టిటి-టిట్, టిటి-టిట్ అని గొణిగేది 2జీ ఫోను. సెకనుకు 217 సార్లు విడతలుగా సిగ్నల్ వదలడం వల్ల ఆ రొద. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కితే టవరు దూరమై ఫోను పవరు పెంచుతుంది, రొద కూడా పెరుగుతుంది. ఫోన్‌ను సెట్ నుంచి, యాంప్లిఫయరుకు పాట మోసే ఆర్‌సీఏ వైర్ల నుంచి మూరెడు దూరం జరపండి, చాలు. ఇంజను రేస్ చేస్తే పెరిగే కూత వేరు, అది ఆల్టర్నేటరుది, అంటే ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని నింపే జనరేటరుది. రొయ్యల బండ్లలో ఉప్పునీళ్లకు ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఆ కూత వస్తుంటుంది. బోల్టు విప్పి, రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించండి.

చీమకుర్తి గ్రానైటు లారీలవాళ్లు అడిగారు కాబట్టి: మీది 24 వోల్టులు. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 తీసుకుంటే ఆ బ్యాటరీ ముందు చస్తుంది. 24 నుంచి 12కి తగ్గించే 10 యాంపుల కన్వర్టరు కొనండి.

అభ్యాసం: బండి ఆపి, కావలిలోనో ఒంగోలులోనో ఉన్నవాళ్లకి 4 కాల్స్ చేయండి. ఏసీ ఆపి ఒకటి, ఫుల్లుగా పెట్టి ఒకటి, అద్దాలు దించి ఒకటి, ఇంజను రేస్ చేస్తూ ఒకటి. ప్రతిసారీ 1 నుంచి 20 దాకా అంకెలు మామూలు గొంతుతో చదవండి. అవతలివాళ్లు విన్నవి విన్నట్టు రాసుకోవాలి. అన్నిట్లో 18 అంకెలకు తగ్గకుండా అందేదాకా మైకు చోటు మారుస్తూ ఉండండి. ఆ చోటు దొరికాకే మైకు వైరు స్తంభం లోపలికి తోయండి.