గేమ్ సమస్యల పరిష్కారం – మూడవ పాఠం: నడుస్తూ నడుస్తూ తడబడే ఆట

గత పాఠంలో అసలు తెరుచుకోని గేమ్‌ను దారికి తెచ్చే పద్ధతి నేర్చుకున్నాము. కంప్యూటర్‌లో గేమ్ తెరుచుకుని బాగానే సాగుతూ, మధ్యమధ్యలో క్షణకాలం బిగుసుకుపోయి మళ్ళీ కదిలే సమస్యను ఈ పాఠంలో పరిశీలిద్దాము.

తెర మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరపైకి వచ్చే చిత్రాల, అంటే ఫ్రేముల, సంఖ్య) అంకెను మాత్రమే నమ్మకూడదు, ఎందుకంటే అది సగటు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. పది సెకన్లలో ఒకే ఒక్క ఫ్రేము 200 మిల్లీసెకన్లు తీసుకుంటే ఆ కుదుపు కంటికి స్పష్టంగా తెలుస్తుంది. సగటు మాత్రం 60 నుంచి 59 దగ్గరకు దిగి ఊరుకుంటుంది. అందుచేత ఫ్రేమ్ టైమ్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు పట్టే సమయాన్ని, గీతగా చూపించే సాధనాన్ని తెరపై ఉంచుకుని, ఆ గీత ఎక్కడ ఎగసిపడుతోందో, అప్పుడు ఆటలో ఏమి జరుగుతోందో గమనించాలి.

తరువాతి పని భారం ఎవరి మీద పడుతోందో తేల్చడం. ఒకే సేవ్ ఫైల్‌తో, ఒకే దృశ్యంలో, మిగతా సెట్టింగులేవీ ముట్టుకోకుండా రిజల్యూషన్‌ను (చిత్రంలోని చుక్కల, అంటే పిక్సెళ్ళ, కొలతను) 1920×1080 నుంచి 1280×720కి తగ్గించండి. పిక్సెళ్ళ సంఖ్య సగానికంటే తక్కువైపోతుంది కనుక, ఆట వేగం బాగా పెరిగితే అంతవరకు అడ్డుపడినది గ్రాఫిక్స్ కార్డు. వేగంలో మార్పేమీ లేకపోతే ప్రాసెసర్ వైపు చూడాలి. అప్పుడు తెరపై జనసమూహాన్ని, కనుచూపు దూరాన్ని తగ్గించే సెట్టింగులు పనికివస్తాయి తప్ప, చిత్రాల నాణ్యతను ఎంత దించినా ప్రయోజనం ఉండదు. ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చేవారికి ఆట బాగుపడినా కారణం తెలియదు.

కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడో, ఒక పేలుడు మొదటిసారి కనిపించినప్పుడో కుదుపు వచ్చి, అదే చోటికి రెండోసారి వెళ్తే రాకపోవడం షేడర్ల లక్షణం. తెరపై వెలుగునీడలను లెక్కగట్టే ఈ చిన్న ప్రోగ్రాములను మీ గ్రాఫిక్స్ కార్డుకు, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌కు తగినట్టు మీ కంప్యూటర్‌లోనే తయారు చేయవలసి ఉంటుంది. గేమ్ ఆ పనిని ముందుగా ముగించుకోకపోతే ఆట మధ్యలో చేస్తుంది, ఆ లోపు ఫ్రేము ఆగిపోతుంది. గేమ్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు మధ్య వారధులైన డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ ఆధారంగా తయారైన గేమ్‌లలో ఈ ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. ఒకసారి తయారైనవి డిస్కులో భద్రంగా ఉంటాయి కానీ, డ్రైవర్‌ను అప్‌డేట్ చేస్తే సాధారణంగా మళ్ళీ మొదటినుంచి తయారు కావాలి. కాబట్టి కొత్త డ్రైవర్ వేసిన రోజున కుదుపులు ఎక్కువయ్యాయని కంగారుపడి పాతదానికి మరలడం తొందరపాటు. గేమ్ మొదలయ్యేటప్పుడు షేడర్లను సిద్ధం చేస్తున్నట్టు సందేశం వస్తే దాన్ని దాటవేయకుండా పూర్తికానివ్వండి.

మొదట సాఫీగా సాగిన ఆట కొంతసేపటికి మందగించి, అలాగే ఉండిపోతే వేడిని అనుమానించాలి. హద్దు దాటకుండా ఉండేందుకు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్‌లలో ఇది మరీ ఎక్కువ. చార్జర్ తీసేసినా వేగం పడిపోతుంది కనుక ముందు దానిని చూసుకోండి. గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయినట్టు కనిపిస్తే టెక్స్చర్ల (వస్తువుల ఉపరితలంపై పరిచే చిత్రాల) నాణ్యత ఒక్కటే ఒక మెట్టు దించితే చాలు.

వీటన్నిటికీ గేమ్‌ను తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. పాడైన ఫైళ్ళ వల్ల ఆట మూసుకుపోవడమే ఎక్కువ, తడబడటం అరుదు. అనుమానం తీరకపోతే ఫైళ్ళను సరిచూసే సదుపాయం స్టీమ్ వంటి ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో ఉంది.

అభ్యాసంగా, మీ గేమ్‌లో ఒకే దృశ్యాన్ని రెండు రిజల్యూషన్లలో ఆడి ఫ్రేమ్ టైమ్‌లను నమోదు చేయండి. మీ పాత్ర, కెమెరా నునుపుగా కదులుతూ ఇతర ఆటగాళ్ళు మాత్రమే ఒకచోటినుంచి మరోచోటికి గెంతుతున్నట్టయితే అది నెట్‌వర్క్ సమస్య. దానిని నాలుగవ పాఠంలో చూద్దాము.