కాలనీ రోడ్డు మీద బండ్ల వేగం: లక్షణం, కారణం, పరిష్కారం

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో బండ్ల వేగం మాట వస్తే కాలనీవాసులు ముందుగా అడిగేది స్పీడ్ బ్రేకర్. వాళ్ల భయం నిజమైనది. చాలా ఇళ్లకు గేటు దాటితే నేరుగా రోడ్డే, మధ్యలో కాలిబాట ఉండదు. అయితే అన్ని వీధుల్లో వేగానికి కారణం ఒకటి కాదు. కారణం పట్టుకోకుండా వేసిన స్పీడ్ బ్రేకర్ ఒక్కోసారి కొత్త ప్రమాదమవుతుంది.

ముందు కొలవండి

రోడ్డు అంచున 50 మీటర్లు టేపుతో కొలిచి, రెండు చివర్లా సుద్దతో గుర్తు పెట్టండి. అరుగు మీదో మేడ మీదో కూర్చుని, ఒక్కో బండి ఆ దూరం దాటడానికి పట్టే సమయాన్ని ఫోనులోని స్టాప్‌వాచ్‌తో చూసి రాసుకోండి. 6 సెకన్లయితే గంటకు 30 కిలోమీటర్ల వేగం, 4 సెకన్లయితే 45, 3 సెకన్లయితే 60. బడి వేళ, మధ్యాహ్నం, రాత్రి విడివిడిగా 100 బండ్ల చొప్పున కొలవండి. బైకు, ఆటో, కారు, ట్రాక్టర్ ఏదో కూడా రాయండి. ఆ వంద వేగాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చితే 85వ స్థానంలో వచ్చే అంకెనే ఇంజినీర్లు ముఖ్యంగా చూస్తారు.

ఇళ్ల మధ్య 30 దాటకూడదని ఎందుకంటారంటే, ఆ వేగంలో ఉన్న కారు డ్రైవర్ అడ్డం వచ్చిన పిల్లవాడిని చూసి బ్రేకు వేస్తే, పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో ఆగగలడు. 50లో ఉంటే దాదాపు 28 మీటర్లు కావాలి. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు కూడా పాదచారులు, వాహనాలు కలిసి తిరిగే చోట 30నే పరిమితిగా చెప్పింది.

లక్షణం: కొత్త సీసీ రోడ్డు పడ్డాక వేగం పెరిగింది

కారణం రోడ్డు రూపమే. నున్నగా, సూటిగా, వెడల్పుగా ఉన్న దారి ఎవరి కాలినైనా యాక్సిలరేటర్ మీదికి లాగుతుంది. పాత గుంతలే ఇన్నాళ్లూ వేగాన్ని ఆపాయి. ఇక్కడ దారి ఇరుకుగా కనిపించేలా చేయాలి: అంచుల్లో తెల్ల గీతలు, పార్కింగ్‌ను కొంత దూరం కుడివైపు, కొంత దూరం ఎడమవైపు మార్చడం, కూడళ్లలో రోడ్డును కాస్త ఎత్తు చేసి నడిచే దారి కల్పించడం. రోడ్డు వేయకముందే ఇవి అడిగితే అంచనాలోనే చేర్చవచ్చు.

లక్షణం: స్పీడ్ బ్రేకర్ ఉంది, అయినా బండ్లు పడిపోతున్నాయి

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే. మిగిలిపోయిన సిమెంటుతో రాత్రికి రాత్రి కట్టిన గట్టు సన్నగా, నిటారుగా ఉంటుంది. వెనుక సీట్లో కూర్చున్న గర్భిణికి, నడుము నొప్పి ఉన్న పెద్దవారికి అది నరకం. రంగు లేకపోతే రాత్రి కనిపించదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం వేగం గంటకు 25 కిలోమీటర్లకు తగ్గాలంటే గుండ్రటి హంప్ (స్పీడ్ బ్రేకర్) బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. నలుపు తెలుపు పట్టీలు, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు కావాలి. సొంతంగా కట్టిన గట్టును తీసేయమని, దాని స్థానంలో ఈ కొలతలతో వేయమని ఒకే అర్జీలో అడగండి. తీసేసి ఊరుకుంటే పాత వేగమే తిరిగి వస్తుంది.

లక్షణం: ఉదయం, సాయంత్రం మాత్రమే హోరు

మెయిన్ రోడ్డు మీది సిగ్నల్‌ను తప్పించుకునేవాళ్లు మీ వీధిని అడ్డదారి చేసుకున్నారన్నమాట. కాలనీవాసులే గేటు బిగించడం సరికాదు. అంబులెన్సు, ఫైరింజన్ ఆగిపోతాయి. ఆ గంటల్లో మాత్రమే వన్ వే పెట్టాలని ట్రాఫిక్ పోలీసులను కోరండి. బతుకమ్మ రోజుల్లో కూడలిలో ఆడే సాయంత్రాలకు బారికేడ్లు ముందే అడగండి.

లక్షణం: మలుపులో ఎదురు బండి కనిపించదు

ఇసుక కుప్ప, మూలన ఆపిన కారు, వేలాడే కొమ్మ, ఫ్లెక్సీ. వీటిని తొలగిస్తే చాలు, పెద్ద ఖర్చు లేదు.

లక్షణం: నడుపుతున్నది పిల్లలే

2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద మైనర్ చేసిన నేరానికి సంరక్షకుడు లేదా బండి యజమాని బాధ్యుడు: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఈ సంగతి తల్లిదండ్రులకు ఇంటికి వెళ్లి చెప్పండి.

లక్షణం: అర్జీ ఇచ్చినా కదలిక లేదు

తరచుగా అది తప్పు చోటికి వెళ్లి ఉంటుంది. గల్లీ రోడ్డు నగరపాలక సంస్థది, జాతీయ రహదారి పక్క దారి సంగతి వేరు, ట్రాఫిక్ నియంత్రణ పోలీసులది. మీరు సొంతంగా పెట్టుకున్న '30' బోర్డుకు చట్టబలం ఉండదు. నగర రోడ్ల మీద 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ పరిమితి కార్లకు 70, బైకులకు 60. కాబట్టి తక్కువ పరిమితిని అధికారికంగా ప్రకటించమని రాసి అడగాలి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో మీ కొలతల పట్టిక, ఫొటోలు జతచేసి ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో సమాధానం రావాలి. కాజీపేటలోని ఎన్ఐటీ సివిల్ విభాగంలో రవాణా ఇంజినీరింగ్ బోధిస్తారు. మీ వీధి సర్వేను విద్యార్థుల ప్రాజెక్టుగా తీసుకోమని అడగడంలో తప్పులేదు.

పని జరిగిన నెల తరువాత అదే 50 మీటర్లలో, అదే వేళల్లో మళ్లీ కొలవండి. 85వ అంకె 30కి పైనే ఉంటే, రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి రెండో అర్జీ రాయండి.