ఇంట్లోంచి ఆకాశ దర్శనం – మూడో పాఠం: పగలు ఫైండర్, రాత్రి చందమామ

పోయిన పాఠంలో ట్రైపాడ్ నిలబెట్టి, టెలిస్కోపు గొట్టం బిగించి ఆపాం. ఆ సాయంత్రమే డాబా ఎక్కి, ఏమీ కనబడక దిగివచ్చినవాళ్ళు ఈ పాఠాన్ని తాపీగా చదవండి. నా మొదటి రాత్రి కూడా అలాగే గడిచింది. కళ్ళెదుట చంద్రుడు వెలుగుతున్నాడు, గొట్టంలో మాత్రం చీకటి. గంటసేపు వెతికాను. టెలిస్కోపులో ఏ లోపమూ లేదు. ఫైండర్, అంటే గొట్టం మీద గురి చూసుకోడానికి ఉండే చిన్న సాధనం, సరిచేయకుండా పైకి వెళ్ళడమే నేను చేసిన తప్పు.

చంద్రుడు అంత తేలిగ్గా ఎందుకు దొరకడో చూద్దాం. మనం ఈ పాఠాల్లో 70 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) ఉన్న టెలిస్కోపును ఉదాహరణగా పెట్టుకున్నాం. నాభ్యంతరాన్ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) మీది అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో తెలుస్తుంది. 25 మి.మీ. ఐపీస్‌తో 28 రెట్లు, 10 మి.మీ. ఐపీస్‌తో 70 రెట్లు. చేయి బారుగా చాచి చిటికెన వేలు అడ్డం పెడితే ఆ వేలి వెడల్పు దాదాపు ఒక డిగ్రీ. 70 రెట్లలో మనకు కనిపించే ఆకాశం ముక్క అంత కూడా ఉండదు. అందుకే ఎప్పుడైనా ముందు 25 ఐపీస్‌తోనే మొదలుపెట్టాలి. పెట్టె మీద 525 రెట్లు అని ఉందని ఆశపడకండి. 70 మి.మీ. కటకం 140 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది కానీ మసకబారుతుంది, కొత్త వివరమేదీ కనిపించదు.

ఇప్పుడు పగటి పని. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడి, కనీసం అర కిలోమీటరు దూరంలో కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి: సెల్ టవర్ కొన, గుడి కలశం, ఏదైనా సరే. ఎదురింటి వాటర్ ట్యాంక్ పనికిరాదు. కారణం ఉంది. ఫైండర్, గొట్టం పక్కపక్కన ఎనిమిది సెంటీమీటర్ల ఎడంలో ఉంటాయనుకోండి. ఇరవై మీటర్ల దూరంలోని వస్తువు మీద రెండింటినీ కలిపితే, ఆకాశం దగ్గరికి వెళ్ళేసరికి చంద్రుడి వెడల్పులో సగం తేడా వస్తుంది. అర కిలోమీటరు దూరంలో కలిపితే ఆ తేడా లెక్కలోకి రాదు.

25 ఐపీస్ పెట్టి, గొట్టంలో చూస్తూ టవర్ కొనను సరిగ్గా నడిమధ్యకి తెచ్చి ట్రైపాడ్ మరలు బిగించండి. ఇక గొట్టం కదలకూడదు. ఇప్పుడు ఫైండర్‌లో చూడండి. దానిలోని అడ్డం, నిలువు గీతలు ఎక్కడో కొబ్బరిచెట్టు మీద ఉంటాయి. చుట్టూ ఉన్న మూడు స్క్రూలలో ఒకటి వదులు చేస్తూ, మిగతావి బిగిస్తూ గీతలు కలిసే చోటుని టవర్ కొన మీదికి జరపండి. ఎర్రచుక్క ఫైండరైతే రెండు మరలే, పని ఇంకా తేలిక. తర్వాత 10 ఐపీస్ పెట్టి ఇదంతా మరోసారి చేయండి. ఈ రెండోసారి బద్ధకించవద్దు. నేర్పు మొత్తం దీనిలోనే ఉంది. ఫైండర్‌లో బొమ్మ తలకిందులుగా, గొట్టంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తే కంగారుపడకండి, ఈ రకం టెలిస్కోపుల తీరే అంత.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. గొట్టాన్ని గానీ, ఫైండర్‌ని గానీ సూర్యుడి వైపు తిప్పకండి. ఒక్క క్షణం చాలు, చూపు శాశ్వతంగా పోతుంది. ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల సన్ ఫిల్టర్ మీ పెట్టెలో వస్తే పారేయండి. వేడికి అది పగులుతుంది, అప్పుడు కన్ను దాని వెనకే ఉంటుంది. పగలు టెలిస్కోపును పిల్లల దగ్గర వదిలి లోపలికి వెళ్ళకండి.

రాత్రికి చంద్రుడు. మూత మొత్తం తీయండి. పెద్ద మూతలో చిన్న మూత ఉంటుంది, అది మాత్రమే తీస్తే వెలుగు చాలావరకు బయటే ఆగిపోతుంది. టవర్ మీద సరిపోయిన ఫోకస్ చంద్రుడికి సరిపోదు, ఫోకస్ మరను కొంచెం తిప్పి ఐపీస్ ఉన్న చిన్న గొట్టాన్ని లోపలికి జరపాలి. ఎండాకాలం డాబా స్లాబు రాత్రి తొమ్మిదైనా వేడి కక్కుతుంటుంది, బొమ్మ నీళ్ళలో ఉన్నట్టు వణుకుతుంది. వీలుంటే పెరట్లో మట్టినేల మీద పెట్టుకోండి.

ఏ రోజు చూడాలి? పౌర్ణమి నాడు మాత్రం వద్దు. ఆ రోజు వెలుగు నిట్టనిలువుగా పడుతుంది, నీడలుండవు, గుంటలన్నీ చదునుగా కనిపిస్తాయి. గోడ మీది క్యాలెండర్ తీయండి. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల ఎడం. అంటే ఒక్కో తిథికి చంద్రుడి మీద వెలుగునీడల గీత కూడా పన్నెండు డిగ్రీలు జరుగుతుంది. ఇది నాకు అర్థమైన రోజు నుంచి పంచాంగం నాకు చంద్రుడి పటంలా కనిపిస్తోంది. శుక్ల షష్ఠి సాయంత్రం ఆ గీత పక్కనే థియోఫిలస్, సిరిల్లస్, కేథరినా అనే మూడు గుంటలు గొలుసులా ఉంటాయి. థియోఫిలస్ వెడల్పు దాదాపు వంద కిలోమీటర్లు, దాని నడుమ ఒక కొండ కూడా ఉంది. నవమికి గీత నడిమధ్య దాటుతుంది, అక్కడ టాలెమేయస్, అల్ఫోన్సస్, అర్జాఖెల్ వరుసగా నిలబడతాయి. క్యాలెండర్‌లో తిథి ఎన్ని గంటల వరకో చూసుకోండి, సాయంత్రానికి ఉన్న తిథే మనకు లెక్క. చంద్రుడు కాస్త ఊగుతుంటాడు కాబట్టి ఒక రోజు అటూఇటూ కావచ్చు.

అష్టమి, నవములలో పొద్దుగూకే వేళకు చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, గొట్టం ట్రైపాడ్ కాళ్ళకు తగులుతుంది. రెండు గంటలు ఆగితే పడమరకు వాలి చేతికి అందుతాడు. 10 ఐపీస్ పెట్టాక చంద్రుడు పక్కకు జారిపోతూనే ఉంటాడు. భూమి తిరుగుతోంది కదా, రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరుగుతాడు. అతను జారే వైపు గొట్టాన్ని కొంచెం ముందుకు పెట్టి, చేయి తీసేసి, వణుకు ఆగాక చూడండి.

వచ్చే పాఠానికి ముందు షష్ఠి నుంచి దశమి వరకు ఐదు రాత్రులు, ఒక్కో కాగితం మీద రూపాయి బిళ్ళతో సున్నా చుట్టి, వెలుగునీడల గీత ఎక్కడుందో, దాని మీద మీకు కనిపించిన ఒక్క గుంట ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తిథి, టైము పక్కన రాయండి. ఆ ఐదు కాగితాలు దగ్గర పెట్టుకునే నాలుగో పాఠం తెరవండి.