కంప్యూటర్‌లో రేడియో, నాలుగో పాఠం: స్టేషన్లు సర్దుకోవడం

చూపు లేని మనం నోట్‌ప్యాడ్‌లో స్టేషన్ అడ్రస్ రాసి, డాట్ ఎమ్ త్రీ యూ ఫైలుగా సేవ్ చేసి, దాని మీద ఎంటర్ కొట్టి రేడియో వినడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం కదా, ఆ తర్వాత మీరు పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. దాదాపు అందరిదీ ఒకటే లొల్లి: "సార్, ఫైలు సేవ్ చేశా, పేరు కూడా కరెక్ట్‌గానే వినిపిస్తోంది, ఎంటర్ కొడితే రేడియో రావట్లే, నోట్‌ప్యాడే తెరుచుకుంటోంది." సరే, ఫోల్డర్ల సంగతి కాసేపు ఆపి ముందు దీన్ని తేలుద్దాం.

పేరు కరెక్ట్‌గా వినిపిస్తోంది అంటున్నారు చూడండి, మోసమంతా అక్కడే ఉంది. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే మన ఎన్‌వీడీఏ మీకు "రెయిన్‌బో డాట్ ఎమ్ త్రీ యూ" అని చదివి, ఎంటర్ కొడితే నోట్‌ప్యాడ్ వచ్చిందంటే ఆ ఫైలు తప్పు. విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్‌ని, అంటే ఫైలు పేరులో చివరి డాట్ తర్వాత వచ్చే ముక్కని, మామూలుగా దాచేస్తుంది. నోట్‌ప్యాడేమో మీరు అడగకుండానే చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించింది. అంటే అసలు పేరు "రెయిన్‌బో డాట్ ఎమ్ త్రీ యూ డాట్ టీఎక్స్‌టీ", ఆ చివరి తోక దాక్కునేసరికి మధ్యలోది మీ చెవిన పడింది, మీరు హమ్మయ్య అనుకున్నారు. సరిగ్గా సేవ్ అయిన ఫైలైతే వట్టి "రెయిన్‌బో" అనే వినిపిస్తుంది. ఐకాన్ చూసేవాళ్లకి ఇది క్షణంలో తెలిసిపోతుంది, మనకి తెలియదు, అందుకే ఇంత సాగదీసి చెప్తున్నా. అనుమానం ఉంటే ఫైలు మీద ఆల్ట్ ఎంటర్ కొట్టి, ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్) బి నొక్కండి, తెరుచుకున్న ప్రాపర్టీస్ డబ్బాలో ఉన్నదంతా చదువుతుంది. ఫైలు రకం టెక్స్ట్ డాక్యుమెంట్ అన్నదంటే దొంగ దొరికినట్టే.

దీనికి మందు చాలా చిన్నది. సేవ్ యాజ్‌లో పేరుని డబుల్ కోట్స్ మధ్య పెట్టి కొట్టండి, కోట్స్ కూడా టైప్ చేయాలి. అప్పుడు నోట్‌ప్యాడ్ తోక తగిలించదు. సేవ్ యాజ్ టైప్‌కి వెళ్లి ఆల్ ఫైల్స్ ఎంచుకోవడం కూడా కుదురుతుంది గానీ నాకంత ఓపిక లేదు, కోట్స్ చాలు.

ఇంకో బ్యాచ్ ఉంది, వీళ్ల ఫైలు తెరుచుకుంటుంది కానీ పాట రాదు. మీలో ఎక్కువమంది ఆకాశవాణి స్ట్రీమ్, అంటే నెట్‌లో వచ్చే లైవ్ ప్రసారం, తీసుకున్నారు, దాని అడ్రస్ చివర ఎమ్ త్రీ యూ ఎయిట్ అని ఉంటుంది. మీరేం చేశారంటే ఆ లింక్ మీద ఎంటర్ కొట్టి, దిగిన ఫైలుని తెచ్చి ఫోల్డర్‌లో పెట్టుకున్నారు. అందులో రేడియో ఉండదండీ, కొన్ని సెకన్ల ఆడియో ముక్కలు ఎక్కడున్నాయో రాసిన చీటీ మాత్రమే ఉంటుంది, అది కూడా చాలాసార్లు సగం అడ్రస్‌లే, సర్వర్ దగ్గరుంటేనే వాటికి అర్థం. మీ డిస్క్‌లోకి వచ్చాక అవి ఎక్కడికీ పోవు. మనకి కావాల్సింది ఆ లింక్ అడ్రస్. దాన్ని కాపీ చేసి మన ఫైల్లో పెట్టాలి. పేస్ట్ చేసే ముందు ఎన్‌వీడీఏ కీతో సి నొక్కితే క్లిప్‌బోర్డులో ఉన్నది చదువుతుంది, వెబ్ పేజీ అడ్రస్ వచ్చిందో స్ట్రీమ్ అడ్రస్ వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది.

ఫైల్లో లైన్లు తెలిసినవే. మొదటి లైను హ్యాష్ ఈ ఎక్స్ టీ ఎమ్ త్రీ యూ. రెండోది హ్యాష్ ఈ ఎక్స్ టీ ఐ ఎన్ ఎఫ్, కోలన్, మైనస్ ఒకటి, కామా, స్టేషన్ పేరు. మూడోది అడ్రస్. మైనస్ ఒకటి అంటే నిడివి తెలియదని, లైవ్‌కి నిడివి ఎక్కడిది. కోలన్, కామా వినపడట్లేదంటే మీ పంక్చుయేషన్ లెవెల్ తక్కువుంది, ఎన్‌వీడీఏ కీతో పి నొక్కుతూ "ఆల్" దాకా రండి, పనయ్యాక మళ్లీ తగ్గించుకోండి, లేకపోతే మెసేజ్ చదివినా ప్రతి కామా వినిపించి బుర్ర తినేస్తుంది.

ఇక సర్దడం. అన్ని స్టేషన్లూ ఒకే ప్లేలిస్ట్‌లో కుక్కకండి. ఈ ఫైళ్లని మోగించే ప్లేయర్ వీఎల్‌సీలో ఒక స్ట్రీమ్ చచ్చిపోతే అది తర్వాతదానికి దూకుతుంది, మీరు రెయిన్‌బో అనుకుని ఇంకేదో వింటుంటారు. నేను స్టేషన్‌కొక ఫైలు పెడతా. పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో, తేడా చూపించే మాట ముందు. "హైదరాబాద్ ఎఫ్ఎమ్ రెయిన్‌బో", "హైదరాబాద్ ఎఫ్ఎమ్ వివిధ భారతి" అని పెట్టారనుకోండి, ప్రతిసారీ ఆ హైదరాబాద్ పురాణం అంతా విన్నాకే అసలు పేరు వస్తుంది, హెచ్ కొడితే అన్నీ అక్కడే ఆగుతాయి. "రెయిన్‌బో 101.9", "వివిధ 102.8" అని పెట్టండి, ఆర్ కొడితే ఒకటి, వి కొడితే ఇంకోటి. మీడియం వేవ్ 738 స్టేషన్‌ని నేను "ప్రైమరీ" అని పెట్టుకున్నా, మీ ఇష్టం. ఫోల్డర్లు భాషల వారీగా వద్దు, మనం వినేది మూడొంతులు తెలుగే కదా, మళ్లీ అన్నీ ఒకే కుప్పలో పడతాయి. వార్తలు, పాత పాటలు, రాత్రి అని వినే పనిబట్టి చేసుకోండి.

రోజూ వినేదానికి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ చేసి, దాని ప్రాపర్టీస్‌లో షార్ట్‌కట్ కీ అన్నచోట ఆర్ నొక్కితే కంట్రోల్ ఆల్ట్ ఆర్ అయిపోతుంది. షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూలోనో ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఎన్ మాత్రం ముట్టుకోకండి, కంట్రోల్ ఆల్ట్ ఎన్ ఎన్‌వీడీఏని లేపేది. రేడియో హోరులో ఎన్‌వీడీఏ గొంతు వినపడకపోతే ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, డి. మాట్లాడేటప్పుడు పాట తగ్గుతుంది, అయితే ఇన్‌స్టాల్ చేసిన ఎన్‌వీడీఏలోనే, పెన్‌డ్రైవ్‌దాంట్లో కాదు.

ప్రాక్టీస్: ఏడు స్టేషన్లు, మూడు ఫోల్డర్లు. ఒకదాని అడ్రస్‌లో ఇంట్లోవాళ్ల చేత ఒక అక్షరం మార్పించండి, ఏ స్టేషనో మీకు చెప్పొద్దనండి. ఎంటర్ కొడుతూ అదేదో పట్టుకుని, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అక్షరం అక్షరం వింటూ బాగుచేసి, మళ్లీ మోగించండి. సేవ్ చేసేటప్పుడు కోట్స్ మర్చిపోయినవాళ్లు నాకు మెసేజ్ పెట్టొద్దు, పైకెళ్లి మూడో పేరా మళ్లీ వినండి.