ఏఐ చెప్పిన తత్వాన్ని తెలుగు గీటురాయి మీద గీసి చూడడం ఎలా?

ఏఐని తత్వశాస్త్రం గురించి తెలుగులో అడిగినా, వచ్చే జవాబు చాలాసార్లు ఇంగ్లీషులో పుట్టిన ఆలోచనకు తెలుగు మాటలు తొడిగినట్టే ఉంటుంది. అది చదువుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఇంగ్లీషే కనుక ఇందులో వింత లేదు. అటువంటి జవాబు నిగ్గు తేల్చడానికి ఘానా తత్వవేత్త క్వాసీ విరేడు (1931-2022) చూపిన దారి బాగా పనికివస్తుంది. వలస పాలన వెంట వచ్చిన భావాలను మాతృభాషలో ఆలోచించి చూడాలని, అక్కడ నిలవకపోతే ఎందుకు నిలవలేదో విచారించాలని ఆయన చెప్పారు.

పరీక్షకు ఒకే వాక్యం తీసుకోండి: 1637లో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ రాసిన "నేను ఆలోచిస్తున్నాను, కనుక నేను ఉన్నాను." హేతువాదానికి (దేవుడు లేడనే హేతువాదం కాదు, జ్ఞానానికి ఇంద్రియాలకన్నా బుద్ధే ఆధారమనే వాదం) ఇది పునాది వాక్యం వంటిది. ఏఐ దీన్ని "అస్తిత్వం", "చైతన్యం" అంటూ వివరిస్తే, ఆ పదాలు లేకుండా ఇంట్లో మాట్లాడే తెలుగులో మళ్లీ చెప్పమనండి. సంస్కృత పదాలు చెడ్డవని కాదు. ఇంగ్లీషు మాటకు ఎదురుగా నిఘంటువు నిలబెట్టిన పదం చూడగానే అర్థమైపోయిందనిపిస్తుంది, అదే చిక్కు.

ఇప్పుడు "ఉన్నాను" దగ్గర ఆగండి. ఫోనులో ఎవరైనా "ఉన్నాను" అంటే "ఎక్కడ?" అంటాం. "నేను టీచర్ని" అనడానికి "ఉండు"తో పనే లేదు. అంటే ఇంగ్లీషులో "am" అనే ఒకే క్రియ మోసే రెండు పనులను తెలుగు విడదీస్తుంది. తన అకాన్ భాషలో ఉండడమంటే ఒకచోట ఉండడమేనని, అందువల్ల డెకార్ట్ చెప్పిన, చోటు అక్కర్లేని, ఆలోచించే ఆత్మను ఆ వాక్యంతో నిలబెట్టడం అక్కడ కుదరదని విరేడు వాదించారు. అయితే మనం చోటు అడగకుండానే "ఆశ ఉంది" అంటాం కాబట్టి, ఆయన పద్ధతిని తీసుకోవాలి గాని, ఆయనకు వచ్చిన ఫలితాన్ని అరువు తెచ్చుకోకూడదు.

తర్వాత డెకార్ట్ "మైండ్"ను ఏఐ "మనసు" చేసిందేమో చూడండి. నాకు తరచుగా దొరికే తప్పు ఇదే. "మనసు బాగాలేదు" అన్నప్పుడు మనసు నొచ్చుకునేదే తప్ప తర్కించేది కాదు. న్యాయ దర్శనంలో (తర్కానికి పేరుపడ్డ ప్రాచీన భారతీయ తత్వశాఖ) మనస్సు అణువంత ఇంద్రియం, సుఖదుఃఖాలను తెలుసుకునే సాధనం. జ్ఞానం ఆత్మకు గుణం, మనస్సుకు కాదు. డెకార్ట్ "మైండ్"కూ మన "మనసు"కూ తేడా ఏమిటని సూటిగా అడగండి. రెండూ ఒకటేనని జవాబు వస్తే దాన్ని పక్కన పెట్టండి.

తెలుగులో నిలవనంత మాత్రాన ఒక భావం తప్పని తీర్మానించకండి. ఏ భాషలోనైనా చెల్లే కారణం చూపమని ఏఐని అడగండి. తన సమాజంలో పెద్దల మాటే చెల్లాలనే ధోరణిని విరేడు కూడా మొహమాటం లేకుండా విమర్శించారు. "ఇదంతా మన ఋషులు ముందే చెప్పారు" అని ఏఐ మిమ్మల్ని సంతోషపెట్టబోతే, ఏ గ్రంథంలో, ఏ సూత్రంలో అని అడిగి మూలం తెరిచి చూడండి. లేని సూత్రానికి సంఖ్య వేసి మరీ ఇవ్వగలదు అది.