ముఖం పాలిపోకుండా పట్టుచీర ఎరుపు తగ్గించడం: డావిన్చీ రిజాల్వ్‌లో

పెళ్లి వీడియోలో, మండపంలోని ఎల్‌ఈడీ లైట్ల కింద ఎర్ర పట్టుచీర మండిపోయినట్టు పడుతుంది. మడతలు కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి. మొత్తం ఫ్రేమ్‌కి సాచురేషన్ (రంగు గాఢత) తగ్గిస్తే పెళ్లికూతురి ముఖం పాలిపోతుంది. అందుకే చీర ఒక్కదాన్నే పట్టుకోవాలి. దీనికి డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు.

ముందు ఆర్‌జీబీ పెరేడ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థాయిలను విడివిడిగా చూపే గ్రాఫ్) చూడండి. ఎరుపు భాగం పైఅంచు బల్లపరుపుగా ఉండి, గెయిన్ (వెలుగు భాగాల స్థాయి) తగ్గించినా అలాగే కిందికి దిగితే, అక్కడి మడతలు ఫైల్‌లోనే లేవు. వాటిని ఎవరూ తిరిగి తేలేరు, రంగు మాత్రం నెమ్మదించగలం.

మొదటి నోడ్‌లో (రంగు మార్పులు చేసే ఒక్కో దశను నోడ్ అంటారు) ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ పూర్తి చేయండి. లాగ్ ఫుటేజ్ (రంగులు వెలిసినట్టు రికార్డయ్యే వీడియో) అయితే రెక్ 709కి (మామూలు టీవీ రంగుల ప్రమాణం) మార్చాకే ముందుకెళ్లండి, లేకపోతే వెలిసిన రంగుల్లో ఎరుపు విడిగా దొరకదు. ఆల్ట్, ఎస్ నొక్కి రెండో నోడ్ తీసుకోండి. లుక్ కోసం వాడే లట్ (రెడీమేడ్ రంగుల పట్టిక) దీని తర్వాతే రావాలి. క్వాలిఫైయర్ (రంగును బట్టి భాగాన్ని ఎంచుకునే సాధనం) తన ముందున్న నోడ్ ఇచ్చిన రంగులనే చూస్తుంది కాబట్టి, తర్వాత ఎప్పుడైనా మొదటి నోడ్ కదిపితే సెలెక్షన్ కూడా చెదురుతుంది.

క్వాలిఫైయర్ ఐడ్రాపర్‌తో చీర మీద, వెలుగు నుంచి నీడ వైపు లాగండి. షిఫ్ట్, హెచ్ నొక్కితే పట్టుబడనిదంతా బూడిదరంగులోకి పోతుంది. అసలు చిక్కు ఇక్కడే. ఒంటి ఛాయ ఏదైనా, వెక్టర్‌స్కోప్‌లో (రంగు రకం, గాఢత చూపే గుండ్రటి గ్రాఫ్) చర్మం ఎరుపుకీ పసుపుకీ మధ్య ఒకే గీత చుట్టూ పడుతుంది. చీర ఎరుపు దానికి పక్కింటిదే. హ్యూ (రంగు రకం) వెడల్పు కొంచెం పెంచగానే బుగ్గలు, గోరింటాకు చేతులు లోపలికొచ్చేస్తాయి. హ్యూని ఇరుకుగా ఉంచి, సాచురేషన్ కింది హద్దును పైకి జరపండి. చీరకున్నంత గాఢత చర్మానికి ఉండదు. నల్లటి నీడలను వదిలేయండి, అక్కడ నాయిస్ చిటపటలాడుతుంది.

బొట్టు, పెదవుల రంగు మాత్రం చీరతో పాటే పట్టుబడతాయి, వాటిని క్వాలిఫైయర్ విడదీయలేదు. ముఖం చుట్టూ సర్కిల్ విండో వేసి, అంచు మెత్తగా చేసి, ఇన్వర్ట్ చేసి (ముఖం బయటే పనిచేసేలా తిప్పి), ముఖం కదలికను వెంబడించేలా ట్రాక్ చేయండి. తలంబ్రాలు పోసేటప్పుడు చేతులు ముఖానికి అడ్డొస్తే ట్రాక్ జారిపోతుంది. అప్పుడు ట్రాకర్‌ని ఫ్రేమ్ మోడ్‌కి మార్చి విండోను చేత్తో సరిచేయండి, ఆ స్థానానికి గుర్తుగా కీఫ్రేమ్ పడుతుంది.

మ్యాట్ ఫినెస్‌లో (సెలెక్షన్‌ని శుభ్రం చేసే విభాగం) ముందు డీనాయిస్, తర్వాత కొద్దిగా బ్లర్ ఇవ్వండి. 4:2:0 ఫుటేజ్‌లో నాలుగు పిక్సెళ్లకు రంగు సమాచారం ఒక్కటే ఉంటుంది కాబట్టి బ్లర్ లేకపోతే చీర అంచులు మెట్లుమెట్లుగా విరుగుతాయి. ఎక్కువైతే చీర చుట్టూ వెలిసిన చాయ కనిపిస్తుంది.

ఇప్పుడు సాచురేషన్‌ని 50 నుంచి 43 దాకా తెచ్చి చూడండి. గెయిన్ కొద్దిగా తగ్గించండి. హ్యూని ఒకటి రెండు అంకెలు మించి కదపకండి, జరీ అంచు దగ్గర తేడా వెంటనే బయటపడుతుంది. ఆగిన ఫ్రేమ్‌ను నమ్మకండి. క్లిప్ ఆడిస్తూ కంట్రోల్, డి తో నోడ్ ఆపుతూ, పెడుతూ చూడండి.

పచ్చిక, ఆకుల్లాంటి చర్మానికి దూరపు రంగులకు ఇంత తంటా వద్దు. హ్యూ వర్సెస్ శాట్ కర్వ్ (ఒక్కో రంగు గాఢతను విడిగా మార్చే గీత) తెరిచి, వీడియోలో ఆ రంగు మీద క్లిక్ చేస్తే మూడు పాయింట్లు వస్తాయి, నడిమిది కిందికి దించితే చాలు.

ఇదే గ్రేడ్‌ని (ఈ రంగు మార్పులను) రెండో కెమెరా షాట్‌కి కాపీ చేస్తే క్వాలిఫైయర్‌ని కొత్తగా తీసుకోండి, విండోను మళ్లీ ట్రాక్ చేయండి.